కనకాంబరం రంగు

దేవమణికి ఇద్దరంటే ఒళ్ళుమంట. తప్పు చెయ్యకపోయినా ఏడ్చేవాళ్ళు, ఏమీ తెలియకపోయినా నవ్వేవాళ్ళు. గురువారం పొద్దున పోలీస్ స్టేషన్‌లో ఆ ఇద్దరూ ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని దొరికారు ఆమెకి.

ఏడ్చే పిల్ల పేరు భావన. జనగామ దగ్గర పల్లెటూరు. నాటింగ్‌హామ్‌లో మొక్కల మీద మాస్టర్స్ చేస్తూ, థీసిస్ పని మీద ఈ వసంతంలో ఈ ఉత్తరాది ఊరి హాస్టల్లో దిగింది. ముక్కు తుడుచుకున్న టిష్యూలు ముందు కుప్ప పోసుకుని కూర్చుంది. నవ్వేవాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఆదర్శ్. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాన్నల వెంట మాంచెస్టర్ వచ్చి, సగం తెలుగు విమానంలోనే వదిలేసినవాడు. మిగిలిన సగంతోనే దేశాన్ని ఉద్ధరిస్తున్నట్టు మాట్లాడతాడు.

"ఆంటీ, మీ టైమ్ వేస్ట్. కేస్ క్లోజ్డ్" అన్నాడు కాఫీ కప్పు తిప్పుతూ.

"ఆంటీని మీ ఇంట్లో చూసుకో. ఇక్కడ నేను మిస్ దేవమణిని. సొలిసిటర్ తరఫున వచ్చాను" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవయ్యేళ్ళు హాస్పిటల్లో వార్డు సిస్టర్‌గా చేసి, రోగులకంటే డాక్టర్లే ఎక్కువ అబద్ధాలాడతారని తేల్చుకుని, ఆ ఉద్యోగం వదిలి ఈ పరిశోధనలోకి దిగిన మనిషి ఆమె. నాలుగేళ్ళలో ఆదర్శ్‌తో తగాదా పడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ అతనే ఓడాడు. ఆ సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

"సరే, నీ పాఠం అప్పజెప్పు నాయనా."

ఆదర్శ్ వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ఇంగ్లండు ఉత్తరాన కోల్డ్‌రిగ్ అనే పెద్ద గుట్ట ఉంది. దాని నెత్తిన ఉన్న పచ్చికలో, ఆల్ప్స్ లాంటి మంచుకొండల మీద పెరిగే చిన్న చిన్న పూలమొక్కలు మంచుయుగం నాటి నుంచీ బతుకుతున్నాయి. వాటిని కాపాడటానికి ఒక ట్రస్టు, ఆ ట్రస్టుకి హెలెన్ క్రాగ్ అనే వార్డెన్. బుధవారం పొద్దున ఆ హెలెన్, పచ్చిక అంచున ఉన్న పాత క్వారీ గోతిలో తల పగిలి దొరికింది. ప్రాణం ఉంది, స్పృహ లేదు.

"ఆ గ్రాస్‌లో ఒక ఆరెంజ్ వీడ్ వచ్చింది. బయటి మొక్క. స్ప్రెడ్ అయితే అక్కడి పూలన్నీ ఫినిష్. తెచ్చి నాటింది ఈ అమ్మాయే. తనే నాటి, తనే కనిపెట్టినట్టు థీసిస్ రాద్దామని. హెలెన్ పట్టుకుంది. ఈమె తోసేసింది. సింపుల్."

"చూసినవాళ్ళు?"

"డాక్టర్ సదాశివం. రిటైర్డ్ జీపీ. ట్రస్ట్ చైర్మన్. మీ వాడే, తెలుగు. మంగళవారం సాయంత్రం ఏడింటికి తన ఇంటి కిటికీలోంచి చూశాడు. వెంటనే ల్యాండ్‌లైన్ నుంచి ట్రస్ట్ ఆఫీస్‌కి మెసేజ్ పెట్టాడు. వినండి."

ఫోను నొక్కాడు. వయసు మళ్ళిన గొంతు, తొణకని ఇంగ్లీషు. గుట్ట మీద ఆ నారింజ పూలు నిప్పుల్లా మండుతున్నాయి, వాటి మధ్య నీలం కోటు వేసుకున్న అమ్మాయి వంగి ఏదో చేస్తోంది, హెలెన్ ఆమె దగ్గరికి వెళుతోంది, ఎవరైనా వెళ్ళి చూస్తే మంచిది అని చెప్పి పెట్టేసింది ఆ గొంతు.

"జూన్‌లో ఇక్కడ ఏడు అంటే ఫుల్ డేలైట్. డార్క్‌గా ఉంది, కనపడదు అనకండి" అన్నాడు ఆదర్శ్.

"నేను అనలేదే. నువ్వే అని, నువ్వే జవాబు చెప్పుకుంటున్నావు. ఒంటరిగా ఉంటావా?"

అతని నవ్వు ఒక అంగుళం తగ్గింది. దేవమణి భావన వైపు తిరిగింది.

"ఏడుపు తర్వాత. ముందు నోరు తెరువు. మంగళవారం ఏం జరిగింది?"

"నేను పొద్దుగాల గుట్ట ఎక్కిన ఆంటీ. ఆ పూలు నేనే ఫస్టు జూసిన. ఒక మొక్క పీక్కొని పన్నెండింటికి హెలెన్ మేడమ్‌కి జూపిచ్చిన. ఆమె మొఖం తెల్లగైపోయింది. ఇది ఎవరి పనో నాకు ఎరికే, నేను మాట్లాడుత, నువ్వు కిందికి పో అన్నది. నేను బస్సెక్కి టౌనుకొచ్చిన. సాయంత్రం దాంక లైబ్రరీల ఉన్న. తర్వాత హాస్టల్ల పండుకున్న."

"ఏడింటికి?"

"రూముల ఒక్కదాన్నే. ఎవ్వరు జూడలే."

"ఆ మొక్క ఏమిటో వీళ్ళకి చెప్పావా?"

"చెప్పిన. ఆ సారు రాసుకోలే. డాక్టర్‌ని అడుగుతం అన్నడు."

"అడిగాం" అన్నాడు ఆదర్శ్ కాళ్ళు చాపి. "ఆయన సీనియర్ మోస్ట్ ఎక్స్‌పర్ట్. అది ఒక రకం బంతి. ఒక్క సీజనే బతుకుతుంది. ఈ స్ప్రింగ్‌లో ఎవరో సీడ్ చల్లారు అన్నాడు. ఈ స్ప్రింగ్‌లో ఆ గుట్ట మీద తిరిగిన కొత్త మనిషి ఈమె ఒక్కతే."

"కాదు ఆంటీ, అది బంతి కాదు. ఈడ దాన్ని నక్కాపిల్లలు అంటరు..." భావన ఇంకో టిష్యూ లాక్కుంది.

"ఆ మాట నిన్న గట్టిగా చెప్పకపోయావా? నోట్లో బెల్లంగడ్డ పెట్టుక్కూర్చున్నావా?" అంది దేవమణి. కానీ 'నక్కాపిల్లలు' అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఒక్క క్షణం చిన్నవయ్యాయి.

"రాత్రి ఎనిమిదింటికి చార్జ్ చేస్తున్నాం" అని ఆదర్శ్ లేచాడు. "హెలెన్ పోతే మర్డర్. బతికితే అటెంప్ట్. ఎలాగైనా ఈమె వీసా, డిగ్రీ, అన్నీ గాన్."

"అయిదింటికి గుట్ట కింద గేటు దగ్గరుండు" అంది దేవమణి. "నువ్వు చూసిన చోటే నాకూ చూపించు. నువ్వు చూడనిది నేను చూపిస్తాను."

*

సదాశివం ఇల్లు గుట్ట కిందే ఉంది. ఎదురుగా బస్ స్టాపు. వాకిట్లోనే గట్టి కుచ్చుల బ్రష్షు బిగించిన చెక్క ఉంది, బూట్లు తోముకోవడానికి. దేవమణి బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

"ముందు బూట్లు, అమ్మా" అన్నాడాయన. నెరిసిన జుట్టు, ఇస్త్రీ వెయిస్ట్‌కోటు, గోదావరి యాస. "ఒక్క విత్తనం చాలు. పన్నెండు వేల ఏళ్ళ పచ్చిక నాశనమైపోద్ది. గుట్ట ఎక్కేవాళ్ళ చేత గేటు దగ్గర కూడా ఇలాగే తోమిస్తాను. ఆ పిల్ల తోముకుందో లేదో!"

"నేను గుట్ట మీంచి రాలేదు డాక్టరుగారూ, పోలీస్ స్టేషన్ నుంచి వచ్చాను. అక్కడ కలుపు వేరే రకం" అంది దేవమణి. అయినా తోముకుంది. మనిషి దేని మీద చాదస్తం చూపిస్తాడో దాని చుట్టూ తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుందని వార్డులో నేర్చుకున్న పాఠం.

ముందుగది గోడల నిండా ఫ్రేములు. గుట్ట మీది పూల ఫొటోలు, సన్మానాల ఫొటోలు, శాలువాల ఫొటోలు. దేవమణికి ఆవలింత వచ్చింది. వాటి మధ్య ఒక్కటే మనిషి ఫొటో. పెద్ద బొట్టు, నవ్వు మొహం, జడలో దట్టంగా కనకాంబరాలు. ఫ్రేముకి వేసిన దండ కూడా కనకాంబరాలదే. ప్లాస్టిక్‌వి.

"మా ఆవిడ పుష్పలీల. పోయి ఆరేళ్ళయింది. ఇదే జూన్ నెల."

"పూలంటే ఇష్టమా?"

"పూలు కాదమ్మా, కనకాంబరాలు. మిగతావి పూలే కాదనేది." ఆయన గొంతు మెత్తబడింది. "ఈ చలి దేశంలో అవి బతకవు. మూడుసార్లు కుండీల్లో వేసి చంపాను. ఆఖర్రోజుల్లో కూడా అదే అడిగింది, ఒక్క కనకాంబరం పువ్వు కళ్ళచూస్తే చాలని."

"అస్థికలు ఇండియా పట్టుకెళ్ళారా?"

"గోదావరిలోనే కలిపాను. రాజమండ్రిలో. ఎందుకూ?"

"ఊరికే. రోగి పోయాక ఏమైందో అడగటం సిస్టర్లకి అలవాటు." దేవమణి కిటికీ దగ్గరికి నడిచింది. గుట్ట నెత్తి అక్కణ్ణుంచి తేటగా కనిపిస్తోంది. పచ్చిక మధ్యలో, ఎవరో నారింజ రంగు తువ్వాలు ఆరేసినట్టు ఒక మచ్చ. మధ్యాహ్నం ఎండలో ధగధగా మెరుస్తోంది. "ఇదేనా మీరు ఏడింటికి చూసింది?"

"అదే. ఇంత వెలుగులోనే. నిప్పులు ఆరబోసినట్టుంది. నీలం కోటు పిల్ల వాటి మధ్య వంగుని ఉంది."

"ఇంత దూరం నుంచి పిల్ల అని ఎలా తెలిసింది?"

"మధ్యాహ్నం ఆ కోటుతోనే ఎదురుగా బస్సెక్కింది. చూశాను కదా."

"బస్సెక్కిన పిల్ల మళ్ళీ గుట్టెక్కిందన్నమాట."

"ఎక్కబట్టే కదమ్మా చూశాను." ఆయన నవ్వాడు, మందు చేదుగా ఉంటుందని చంటిపిల్లకి చెప్పే డాక్టరులాగా. "మీరు ఆ పిల్ల తరఫున వచ్చారు. తప్పులేదు. కానీ మొక్కల సంగతి మాకు వదిలెయ్యండి. నర్సులకి ఏం తెలుస్తుంది? అది ఏడాది బతికే బంతి జాతి. ఈ వసంతంలో చల్లిన గింజ."

నర్సులకి ఏం తెలుస్తుంది! ఇరవయ్యేళ్ళలో ఈ మాట ఎన్ని నోళ్ళ నుంచి విన్నదో. దేవమణి చిటపటలాడింది. ఆ చిటపటలోనే ఆ రోజుకల్లా పెద్ద తప్పు చేసింది.

"నర్సులకి ఒకటి తెలుస్తుంది డాక్టరుగారూ. వార్డుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. హెలెన్ వేళ్ళు కదుపుతోందట. పేరు పిలిస్తే కనురెప్పలు అదురుతున్నాయట. రేపో మాపో కళ్ళు తెరుస్తుంది. తెరిచాక మీ బంతీ చేమంతీ ఎవరిక్కావాలి? తోసింది ఎవరో ఆవిడే చెబుతుంది."

సదాశివం టీ కప్పు సాసర్‌లో పెట్టాడు. చప్పుడు కాకుండా.

"దేవుడి దయ. తెరవాలనే కోరుకుందాం" అన్నాడు.

*

అయిదు దాటాక గుట్ట కింద గేటు దగ్గర ఆదర్శ్ కనిపించాడు. మెరిసే పట్నం బూట్లు వేసుకొచ్చాడు. బ్రష్షు పక్కనుంచి నడిచిపోతుంటే దేవమణి కాలరు పట్టుకుని వెనక్కి లాగింది.

"తోముకో. నీ అడుగుల్లో మాంచెస్టర్ మురికంతా ఉంది."

"ఆల్‌రెడీ వీడ్ వచ్చేసింది కదా, ఇంకా ఏంటి?"

"ఇల్లు కాలిందని బీడీ ముట్టించుకునే రకానివి నువ్వు. తోము."

తోమాడు. ఎక్కడం మొదలుపెట్టారు. సగం దూరంలోనే ఆదర్శ్ రొప్పడం మొదలెట్టాడు, దేవమణి మాత్రం మెట్లెక్కుతున్నట్టు ఎక్కింది. పైకి చేరాక అతను జేబులోంచి ఫొటో తీశాడు. నిన్న పన్నెండు గంటలప్పుడు తీసింది. ఫొటో నిండా నారింజ పూలు.

ఫొటో చూశాడు. పచ్చిక చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. ఎదురుగా ఉన్నదంతా ఆకుపచ్చే. నారింజ రంగు గోరంత కూడా లేదు.

"మై గాడ్! ఎవరో కోసుకెళ్ళారు! ఎవిడెన్స్ మొత్తం కోసుకెళ్ళారు!" ఫోన్ తీశాడు. "సిగ్నల్ లేదు! ఆంటీ, మీరు... మీరు గానీ..."

దేవమణి నవ్వింది. మామూలుగా ఆమె నవ్వదు. ఆ నవ్వుకి దూరంగా మేస్తున్న గొర్రె ఒకటి తలెత్తి చూసింది.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాట్ట నీలాంటివాడు. వంగు. వంగి చూడు."

అతను వంగాడు. గడ్డిలోంచి జానెడు జానెడు కాడలు నిటారుగా లేచి ఉన్నాయి. ప్రతి కాడ చివరా మొగ్గల గుత్తి. మొగ్గలన్నీ నల్లగా, బిగుతుగా, పిడికిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. ఒక మొగ్గని దేవమణి గోటితో చీల్చింది. లోపల నారింజ రంగు రేకులు.

"ఎవరూ కొయ్యలేదు. నిద్రపోయాయి" అంది. "ఇది బంతి కాదు. బంతి రాత్రీ పగలూ కళ్ళు తెరుచుకునే ఉంటుంది, నీలాగా, చూడకుండా. కాడ మీద చెయ్యి పెట్టు. ఏం తగిలింది?"

"హెయిర్స్. నల్లగా."

"తెంపు."

తెంపాడు. తెల్లటి పాలు కారి వేలికి అంటుకున్నాయి.

"బంతికి పాలుండవు. ఇప్పుడు అడుగున చూడు. నేలకి అంటుకుని చక్రంలా పరుచుకున్న ఆకులు, రెండువైపులా నూగు. ఒక్కో చక్రంలోంచి నాలుగైదు తీగలు బయల్దేరి, తీగ కొసన ఇంకో చక్రం. దీన్ని ఇక్కడ నక్కాపిల్లలు అంటారు. విచ్చిన పువ్వు తల్లి నక్క, చుట్టూ మూతి ముడుచుకున్న మొగ్గలు పిల్లలు. నాటింగ్‌హామ్‌లో మా అద్దె ఇంటి లాన్ నిండా ఇదే. నేను డే షిఫ్ట్ చేసిన వారాల్లో దీని పువ్వు ఒక్కటి కూడా చూడలేదు. పొద్దున విచ్చకముందు వెళ్ళేదాన్ని, ముడుచుకున్నాక వచ్చేదాన్ని. ఆఫ్ రోజున మధ్యాహ్నం కిటికీ తీస్తే లాన్ తగలబడినట్టుండేది. మొదటిసారి నేనూ నీలాగే గావుకేక పెట్టాను. నాకు అప్పుడు ముప్పయ్యేళ్ళు, పైగా నేను ఇన్‌స్పెక్టర్ని కాను."

ఆదర్శ్ మొహంలో ఏదో కదిలింది. బుర్ర తిరగడం మొదలైనట్టుంది, తుప్పు పట్టిన ఫ్యాను లాగా.

"అంటే... సెవెన్ ఓ క్లాక్‌కి..."

"ఏడింటికి ఈ గుట్ట మీద నారింజ రంగు ఉండదు. ఈపాటికే లేదుగా. నిప్పులు ఆరబోసినట్టుందని మెసేజ్ పెట్టిన పెద్దమనిషి ఏడింటికి చూడలేదు. ఎప్పుడో మధ్యాహ్నం చూశాడు, సాయంత్రం చూసినట్టు చెప్పాడు. ఎందుకు? మధ్యాహ్నం భావన బస్సులో ఉంది, ఎక్కడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ వేళకి ఆమె మీద నేరం అతకదు. అందుకని సాయంత్రం కావాల్సి వచ్చింది. ఏడింటికి హెలెన్ బతికే ఉంది, తను ఇంట్లో ఫోను దగ్గరే ఉన్నాడు అని ఒక్క దెబ్బకి రెండూ రాయించుకున్నాడు. నువ్వు రాసుకున్నావు."

"వెయిట్, వెయిట్. ఆయన పొరపాటు పడ్డాడేమో. వయసు. ఆయనకి ఏం మోటివ్ ఉంది? ఈ రిజర్వ్ కోసం లైఫ్ ఇచ్చాడు!"

"చేతికి గ్లోవ్స్ వేసుకో."

"వాట్?"

"వేసుకో. దొరికేది నీ చేత్తోనే దొరకాలి. నేను ముట్టుకుంటే కోర్టులో నా మీదికి తోసేస్తావు." ఆమె చేత్తో ఆ మొక్కల చాప అంచు నుంచి అంచు వరకూ చూపించింది. "ఎంత వెడల్పు? మన స్టేషన్‌లో ఆ ఇంటర్వ్యూ గదంత ఉంది. ఒక్కో ఏడాది తీగలు మహా అయితే మూర దూరం పాకుతాయి. ఇంత పరుచుకోవాలంటే అయిదారేళ్ళు పడుతుంది. భావన ఈ దేశంలో దిగింది పోయిన సెప్టెంబర్లో. ఇప్పుడు నడిమధ్యకి పద. ముసలి మొక్కలు ఎక్కడున్నాయో మొదట నాటింది అక్కడే."

నడిమధ్యలో మొక్కలు పల్చబడి, కొన్ని ఎండిపోయి, నేల కనిపిస్తోంది. ఆదర్శ్ మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తోశాడు. విసుగ్గా, ఆమె మాట అబద్ధమని తేల్చడానికే తోస్తున్నట్టు. బెత్తెడు లోతులో వేళ్ళకి గట్టిగా తగిలింది. లాగాడు.

రాగి చెంబు. చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది. మూతికి చుట్టిన గుడ్డ నాని నల్లబడింది. గుడ్డ కదిలించగానే లోపల బూడిద, తెల్లటి చిన్న చిన్న ముక్కలు.

ఆదర్శ్ చెంబు తిప్పి చూశాడు. "అంచు మీద ఏవో డాట్స్. డిజైన్."

దేవమణి మట్టి ఊదింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. పెళ్ళికి సామాన్లిచ్చేటప్పుడు గిన్నె గిన్నెకీ గరిటె గరిటెకీ ఆడపిల్ల పేరు కొట్టిస్తారు మనవాళ్ళు. ఆ పేరు గిన్నెతోపాటు దేశాలు దాటుతుంది, గిన్నె చిల్లిపడినా పోదు. ఈ గుట్ట మీద ఆ అక్షరాలు చదివేవాళ్ళు ఎవరొస్తారని అనుకుని ఉంటాడు.

"డిజైన్ కాదు. అది కూడా చదవడం రాదా? పుష్పలీల అని ఉంది."

"పుష్పలీల ఎవరు?"

"సదాశివం భార్య. గోదావరిలో కలిపానని ఇవాళ మధ్యాహ్నం నా మొహం మీదే చెప్పాడు. ఆవిడకి కనకాంబరాలు ప్రాణం. ఆ మొక్క ఇక్కడ బతకదు. అదే రంగు పువ్వు ఏదని వెతికి, దీన్ని పట్టుకొచ్చి ఆవిడ నెత్తిన నాటాడు. ఊళ్ళోవాళ్ళందరి బూట్లూ తోమించే మనిషి, తన చేత్తో, ఈ పచ్చికలోనే. ఇన్నేళ్ళూ మొగ్గల్లోనే తుంచి దాచుకొచ్చి ఉంటాడు, ఈ ఏడే విచ్చనిచ్చాడు, అందుకే సాయంత్రం ముడుచుకుంటాయని ఆయనకీ తెలియలేదు. కంచే చేను మేసింది ఆదర్శ్."

ఆదర్శ్ చెంబుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అది... ప్రేమ కదా, ఆంటీ. వైఫ్ కోసం."

"ప్రేమ!" దేవమణి ఆ మాటని ఉమ్మినట్టు అంది. "అంత ప్రేమున్నవాడు ఇంట్లో కుండీలో వేసుకోవాలి. నాటినప్పుడు ప్రేమే అనుకుందాం. హెలెన్ మంగళవారం మొక్క చూసి, ఎవరి పనో తెలిసి పిలిపించినప్పుడు, నేనే నాటానమ్మా అంటే పోయేది. శాలువాలు పోతాయి, ఫ్రేములు దించాలి, అంతేగా. ఆ ఫ్రేముల కోసం ఒక మనిషిని గోతిలోకి తోసి, ఇంకో పిల్లని జైల్లోకి తోస్తున్నాడు. భార్య బూడిద సాక్షిగా. దీనికి నువ్వు పెట్టిన పేరు నాకు నచ్చలేదు."

"కానీ ప్రూఫ్? ఇది నాటాడని ప్రూఫ్. తోశాడని కాదు."

మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. దేవమణి తల ఊపింది.

"నిజమే. తోసింది చూసిన కళ్ళు ఒక్క హెలెన్‌వే. ఆవిడ తెరిస్తే భావన బయటికొస్తుంది. తెరవకపోతే ఈ చెంబూ ఈ మొగ్గలూ పట్టుకుని ఏళ్ళ తరబడి వాదించాలి. వార్డు దగ్గర కాపలా గట్టిగా ఉందిగా?"

ఆదర్శ్ చెంబు మీది మట్టి తుడవసాగాడు.

"ఆదర్శ్. కాపలా ఉందా?"

"సస్పెక్ట్ కస్టడీలో ఉంది కదా అని... కానిస్టేబుల్‌ని మధ్యాహ్నం వెనక్కి పిలిచాను. స్టాఫ్ షార్టేజ్. కానీ హెలెన్ ఒంటరిగా లేదు ఆంటీ. ఆమెకి ఫ్యామిలీ ఎవరూ లేరు. స్పృహ వచ్చే టైమ్‌లో తెలిసినవాళ్ళు పక్కనుంటే మంచిది అని ఆయనే ఫోన్ చేశాడు. వెరీ కైండ్. నేనే వార్డుకి చెప్పి పర్మిషన్ ఇప్పించాను. నాలుగింటికే వెళ్ళాడు."

"ఎవరు?"

చెప్పనక్కర్లేదు. చెంబుని చంకన పెట్టుకుని అతను అప్పటికే లేచాడు.

వేళ్ళు కదుపుతోందని ఆయనకి చెప్పింది ఎవరు? నర్సులకి ఏం తెలుస్తుందన్న ఒక్క మాటకి ఉడుక్కుని, రోగి సంగతంతా హంతకుడి ఒళ్ళో పోసి వచ్చింది ఎవరు? జీవితంలో ఎంతమంది తెలివితక్కువవాళ్ళని ఈసడించిందో, ఆ ఈసడింపంతా ఒక్కసారిగా తిరిగొచ్చి దేవమణి మొహాన కొట్టింది.

"పరుగెత్తు!" అంది.

పరుగెత్తారు. ఆదర్శ్ పట్నం బూట్లు రెండుసార్లు జారాయి. రెండోసారి దేవమణే రెక్క పట్టుకుని లేపింది. గేటు కనిపించింది. బ్రష్షు దగ్గర ఇద్దరూ ఆగలేదు. గేటు దాటాక ఫోనులో ఒక్క గీత సిగ్నల్ వెలిగింది. ఆదర్శ్ నంబరు నొక్కబోతుంటే దేవమణి ఫోను లాక్కుని వార్డు నంబరు తనే కొట్టింది.

చాలాసేపు మోగింది. ఒక నర్సు ఎత్తింది. కొత్త పిల్ల, గొంతులో నవ్వు.

"హెలెన్ క్రాగా? శుభవార్తండీ. అరగంట క్రితం కళ్ళు తెరిచింది. ఏదో చెప్పాలని చూస్తోంది గానీ మాట రావడం లేదు. ఏం కంగారు లేదు, డాక్టరుగారు పక్కనే ఉన్నారు. పాపం, నాలుగింటి నుంచీ కదల్లేదు ఆయన. ఆవిడకి విశ్రాంతి కావాలని కర్టెన్ వేసుకున్నారు. కాసేపు ఎవరినీ రావద్దన్నారు."

దేవమణి గొంతు మారిపోయింది. ఇరవయ్యేళ్ళు వార్డుని నడిపిన గొంతు అది. ఆ గొంతు విన్న నర్సు ఎవరూ ఎందుకని అడగలేదు ఎప్పుడూ.

"సిస్టర్ దేవమణిని మాట్లాడుతున్నాను. ఫోను కింద పెట్టు. వెళ్ళి ఆ కర్టెన్ లాగెయ్యి. ఇప్పుడే. సెక్యూరిటీని కేకెయ్యి."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. బూట్ల చప్పుడు, మొదట నడకలా, తర్వాత పరుగులా. కర్టెన్ రింగులు ఇనప కడ్డీ మీద జర్రుమన్నాయి.

ఆ వెంటనే ఆ పిల్ల పెట్టిన కేక, గేటు దగ్గర నిలబడ్డ ఇద్దరికీ ఫోను చెవికి దూరంగా ఉన్నా వినిపించింది. "ఆ దిండు తియ్యండి డాక్టర్, ఆవిడకి ఊపిరాడట్లేదు!"